గీత దాకా నీళ్ళు

నా భార్య అలివేలు పని మానేసిన రోజు చేతిలో మూడు మొక్కలు పట్టుకుని బస్సు దిగింది. హోసూరు పక్కన పూల కంపెనీ షెడ్డులో తొమ్మిదేళ్ళు రోజాపూలు కట్టలు కట్టిన మనిషి. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, గంటసేపు నిలబడితే కాళ్ళ వాపు. ఇక చేతకాదని తనే మానుకుంది. తోటి ఆడవాళ్ళంతా కలిసి చీర పెట్టారట. సూపర్‌వైజరు ప్రతిభ మాత్రం ఈ మొక్కలు ఇచ్చింది. నల్ల ప్లాస్టిక్ సంచుల్లో ఒక్కొక్కటి నా పిడికిలంత ఉన్నాయి. సన్నటి ఆకులు, బూడిద చల్లినట్టుండే పచ్చరంగు.

నేను చూసి నవ్వాను. "ఏంది ఇది? గరిక పెరుక్కొని వచ్చినావా?"

"గరిక కాదులే. ఊటీ నుంచి తెప్పించినారంట. ఏడాది పొడుగునా పచ్చంగానే ఉంటాదంట. రాళ్ళ మధ్యన పెట్టాల. పూస్తే లవంగాల వాసన వస్తాదంట."

దాని ఇంగ్లీషు పేరు ప్రతిభ రెండుసార్లు చెప్పినా అలివేలుకు నోరు తిరగలేదు. మా ఇంట్లో అది ఊటీ చెట్టు అయిపోయింది.

ఇది 2003 మాట. శివరాత్రి ఇంకా రాలేదు. వానలు మొహం చాటేసి అప్పటికే రెండేళ్ళు. కెలమంగలం దారిలో ఉన్న మా ఊళ్ళో బోర్లు ఒకదాని వెనక ఒకటి ఎండిపోతున్నాయి. నా బోరు మాత్రం ఇంకా పోస్తోంది. దాని కింద ఎకరం టమోటా పెట్టుకుని, ఊళ్ళో కాస్త తలెత్తుకుని తిరుగుతున్నాను.

నా సంగతి ఒకటి చెప్పాలి. గోపాలప్ప చేత్తో నాటింది చావదని మా చుట్టుపక్కల పేరు. దానివల్ల నాకు పొగరు కూడా ఉండేది. చెట్టుకు కావలసింది పేడ ఎరువు, నీళ్ళు. ఆ రెండూ తక్కువ చెయ్యకపోతే ఏ చెట్టయినా చెప్పినట్టు వింటుందని నా నమ్మకం. ఆ సాయంత్రమే ఇంటి ముందర గుంట తవ్వి, బుట్టెడు మాగిన పేడ వేసి, ఒక మొక్క నాటి, బిందెడు నీళ్ళు పోశాను.

"అట్ల చెయ్యొద్దన్నారు," అని అలివేలు అరుగు మీద కూర్చుని చెబుతూనే ఉంది.

"నువ్వు పూలు కట్టే మనిషివి. పెంచేది నాకు నేర్పొద్దు," అన్నాను.

ఎనిమిదో రోజుకు మొక్క మొదలు నల్లబడింది. పట్టుకుంటే చేతికి ఊడి వచ్చింది. మధ్యాహ్నం అలివేలు సంగటి పెట్టి, ఊడిన ఆ మొక్కను తెచ్చి నా అన్నం తట్ట పక్కన పెట్టి వెళ్ళిపోయింది. ఆ పూట నేను పచ్చిమిరపకాయ కూడా అడక్కుండా తిని లేచాను.

అలివేలు తమ్ముడు నాగేశప్పకు బర్గూరులో గ్రానైటు పాలిష్ ఫ్యాక్టరీలో పని. అక్క అడిగిందని ఆ ఆదివారం టెంపోలో రాళ్ళు తెచ్చి మా వాకిట్లో దింపాడు. బండలు కోసినాక మిగిలిన మూలలు, అంచులు విరిగినవి. ఎర్రవి, నల్లవి, బూడిదరంగు మచ్చలవి. కొన్నింటికి ఒక పక్క అద్దంలా మెరుపు, ఇంకో పక్క మొరటు.

"ఈటిని మా ఫ్యాక్టరీ కాడ గుంతలో పారేస్తారు బావా. అక్క ఏందో తోట పెడతాదంట," అన్నాడు.

తోట ఎట్లా పెట్టాలో అలివేలు స్టూలు మీద కూర్చుని చెప్పింది, మేమిద్దరం మోశాం. పెద్ద రాళ్ళు కింద, వెనక్కి వాలుగా. వాటి మధ్యన కంకర జల్లి, దాని పైన ఇసుక. మన్ను వెయ్యాల్సి వచ్చేసరికి రెండు పిడికిళ్ళు వేసి చాలంది.

"ఇంతేనా? పస్తు పెట్టేదానికి చెట్టు తెచ్చుకుంటారా ఎవరన్నా?" అన్నాను.

"దానికి ఇంతే చాలు. ఎక్కువైతే చస్తాది. నువ్వు చూసినావు గదా."

మిగిలిన రెండు మొక్కలూ ఆ రాళ్ళ సందుల్లో నాటాం. గోపాలప్ప రాళ్ళు నాటినాడని ఊళ్ళో నెల రోజులు నవ్వుకున్నారు.

రాళ్ళు పేర్చిన వారమే హోసూరులో గుండె డాక్టరుకు చూపించాం. గుండెలో ఒక కవాటం చెడిపోయిందని, ఒంట్లో చేరిన నీరు బయటికి పోవడం లేదని చెప్పాడు. కోసి బాగుచెయ్యాలంటే ఆ గుండె తట్టుకోదన్నాడు. మాత్రలు రాసిచ్చి, ఉప్పు మానమన్నాడు. అన్నిటికన్నా ముఖ్యమని వేలు చూపించి మరీ చెప్పింది నీళ్ళ గురించి. రోజంతటికీ ఒకే లీటరు. కాఫీ, మజ్జిగ, మాత్ర మింగే గుక్కెడు, అన్నీ అందులోకే రావాలి.

మా కూతురు భువన అప్పుడు కెలమంగలంలో చిన్నపిల్లల బడిలో టీచరు. ఇంటికి రాగానే నూనె కొలిచే లీటరు డబ్బా కడిగి, నీళ్ళు పట్టి, వాళ్ళమ్మ పెళ్ళినాటి కంచు చెంబులో పోసింది. నీళ్ళు మెడ కిందికి వచ్చి ఆగాయి. అక్కడ నాగేశప్ప రాయి చెక్కే ఉలితో లోపలివైపు ఒక గీత గీశాడు. పొద్దున్నే గీతదాకా నింపాలి. కాఫీ తాగితే గ్లాసెడు తీసెయ్యాలి. ఏది తాగినా ఆ చెంబులోంచే.

"చెంబు నీ చేతిలోనే ఉండనీ భువన నాయనా," అంది అలివేలు. "నా తావ పెడితే మధ్యాన్నానికే ఖాళీ చేస్తా. నా సంగతి నాకు తెలుసు."

అట్లా ఆ ఎండాకాలానికి నేను చెంబు కాపలాదారుణ్ణి అయ్యాను.

ఫాల్గుణం సగానికి ఎండలు ముదిరాయి. రాళ్ళు మధ్యాహ్నానికి చెయ్యి పెట్టనిచ్చేవి కావు. ఊటీ మొక్కల్లో ఒకదాని ఆకుల కొసలు గోధుమరంగుకు తిరిగాయి. నేను దాని పక్కనుంచే పొలానికి వెళ్ళాలి, వచ్చేటప్పుడూ చూడాలి. మూడు రోజులు ఓర్చుకున్నాను. నాలుగో రోజు తెల్లవారకముందే లేచి, అలివేలు చూడకుండా మగ్గు నీళ్ళు పోశాను. మరుసటి రోజూ పోశాను. వారం తిరిగేసరికి అది కూడా మొదటిదాని దారే పట్టింది.

ఈసారి అలివేలు ఊరుకోలేదు. వేరు పీకి ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది.

"ఎన్ని దినాలుగా పోస్తా ఉండావు?"

"వారం."

"ఎందుకు?"

"కళ్ళ ముందర ఎండిపోతా ఉంటే చూస్తా కూర్చోవాల్నా? నేను రైతునే. నీళ్ళు పెట్టుకొని పోయకుండా ఉండేదానికి నాకు చెయ్యి రాదు."

అలివేలు ఆ వేరును నా అరచేతిలో పెట్టింది. తడిగా, మెత్తగా ఉంది. కుళ్ళు వాసన.

"నువ్వు చెట్టుకు పోసినావనుకుంటా ఉండావు. నీ మనసుకు పోసుకున్నావు. పోస్తే నీకు చల్లంగా ఉంటాది. దానికేమో వేరు కుళ్ళిపోతాది," అంది. ఆయాసంతో ఆగి, మళ్ళీ అంది. "మిగిలింది ఒకటే. దాన్నన్నా బతకనీ."

నా చెయ్యి తన చేతిలో వేయించుకుంది. నాలుగు రోజులకొకసారి ఒక గ్లాసు, అది కూడా తను చెప్పినప్పుడే. ముప్పై ఏళ్ళ సేద్యంలో నాకు అంత కష్టమైన పని ఇంకెవరూ చెప్పలేదు.

కానీ నేర్చుకున్నాను. జల్లిలోకి వేలు దోపి, లోపల చెమ్మ ఉందో లేదో చూడటం నేర్చుకున్నాను. ఆకు పట్టుకుంటే గట్టిగా ఉందంటే దానికేమీ కాలేదని తెలిసింది. ఉగాదికి ఆ మూడో మొక్క పిడికిలంత నుంచి అన్నం తట్టంత అయింది. రాళ్ళను పట్టుకుని అన్ని వైపులా గుబురుగా పాకింది. ఆ నెలలోనే నా బోరు కూడా నిలిచిపోయింది. టమోటా మొత్తం చేలోనే వాలిపోయింది. నా తల కూడా వాలింది. వాకిట్లో ఊటీ చెట్టు మాత్రం అట్లాగే ఉంది. పొద్దున్నే చేను వైపు చూడలేక దాన్నే చూసేవాణ్ణి.

ఉగాది అయిన నాలుగు రోజులకు కల్లావి నుంచి మా అక్క పుట్టమ్మ వచ్చింది. నా కన్నా పదేళ్ళు పెద్దది, అమ్మ పోయినాక నన్ను పెంచింది తనే. చెంబు, గీత, నా కాపలా చూసి బుగ్గలు నొక్కుకుంది.

"ఏమిరా గోపాలా, మన వాకిలి తొక్కినోళ్ళకు ముందు నీళ్ళిచ్చి తర్వాత ఊరేదని అడిగే ఇల్లు మనది. ఇంటి ఆడదానికి కొలిచి పోస్తావా?"

"డాక్టరు చెప్పినాడక్కా."

"డాక్టరుకేం తెలుసు దప్పిక!"

నేను పొలానికి పోయినప్పుడల్లా మజ్జిగ ఇచ్చింది. ఉప్పు వేసి, కరివేపాకు నలిపి, పెద్ద గ్లాసుతో. రెండు రోజులు. మూడో రోజు పొద్దున అలివేలుకు ఊపిరి అందలేదు. పెదవులు నల్లబడ్డాయి. కారు మాట్లాడుకుని హోసూరు తీసుకుపోయాం. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఆక్సిజను పెట్టి, సూదులేసి నీరు లాగారు. ఇంకోసారి ఇట్లా తెస్తే తన చేతిలో ఏమీ లేదని డాక్టరు అందరి ముందరా నన్ను తిట్టాడు. ఆ కోపమంతా నేను వరండాలో మా అక్క మీద చూపించాను. నోటికొచ్చిందల్లా అన్నాను. అక్క కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తూ అక్కడినుంచే కల్లావి బస్సెక్కింది. ఆ మాటలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది.

ఇంటికొచ్చినాక అలివేలు అంది, "వదిన మంచికే ఇచ్చింది. నేనే అడిగినాను." చెంబు వైపు చూసి, "తాగేటప్పుడు ఎంత బాగుండిందో తెలుసునా," అంది.

అప్పటినుంచి నేను ఇంకా గట్టిపడ్డాను. వంటింట్లో నీళ్ళ కుండ తీసి కొట్టంలో పెట్టాను, నాగేశప్ప కొట్టానికి కొత్త తాళం వేశాడు. పొలానికి పోయినా చెంబు చేతిలోనే. ట్యాంకరు దగ్గర నీళ్ళకు నిలబడినా చెంబు చేతిలోనే. నన్ను చూసి నవ్వినవాళ్ళను నవ్వుకోనిచ్చాను. నాకు భయం. ఆ నల్లబడిన పెదవులు మళ్ళీ చూడాల్సి వస్తుందేమోనని భయం. బయటికి మాత్రం కోపంగా కనబడేవాణ్ణి.

అలివేలు నన్ను ఎప్పుడూ తిట్టలేదు. నిమ్మచెక్క నాలుక మీద పెట్టుకునేది. తడిగుడ్డతో పెదవులు అద్దుకునేది. సాయంత్రం భువన ట్యాంకరు నీళ్ళు బిందెలోంచి బిందెలోకి వంచుతుంటే మంచం మీదనుంచి అడిగేది.

"ఇంకొకసారి పొయ్యి భువనా. ఆ సద్దు విననీ."

భువన ఒట్టి సద్దు కోసం ఆ బిందెలోంచి ఈ బిందెలోకి, ఈ బిందెలోంచి ఆ బిందెలోకి వంచేది. కొన్నిసార్లు పోస్తూ పోస్తూ గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకునేది. నేను లేచి బయటికి పోయేవాణ్ణి.

మే నెల మొదట్లో ఊటీ చెట్టుకు మొగ్గలు వచ్చాయి. సన్నటి కాడల మీద గోరంత మొగ్గలు, కొసన ఎర్రగీత. అలివేలు మంచం రాళ్ళ పక్కకు మార్పించుకుంది. పదకొండు మొగ్గలని లెక్కపెట్టింది.

"నేను తొమ్మిదేండ్లు పూలు కట్టినాను గదా. ఒక్కటన్నా నాదని మొక్క మీద చూడలేదు. అన్నీ పెట్టెల్లో పోయినవే. ఇది విచ్చేదాకా నన్ను లోపలికి తీసకపోవద్దండి," అంది.

"విచ్చినాక లవంగాల వాసన రాకపోతే ఆ ప్రతిభతో పోయి కొట్లాడతా," అన్నాను.

"నీకు లవంగం వాసన తెలిస్తే గదా. బీడీ వాసన ఒకటే తెలుసు నీకు."

చాలా రోజుల తర్వాత ముగ్గురం కలిసి నవ్వాం.

ఆ మంగళవారం సాయంత్రం నాకు బాగా గుర్తు. గాలి లేదు. ఎండ దిగినా రాళ్ళ నుంచి సెగ వస్తూనే ఉంది. భువన లోపల పొయ్యి దగ్గర ఉంది. నేను మంచం పక్కన నేల మీద కూర్చుని ఉన్నాను.

"అర గ్లాసు ఇస్తావా?" అంది అలివేలు.

చెంబు వంచి చూపించాను. అడుగున తడి తప్ప ఏమీ లేదు.

"అయిపోయింది గదా. మధ్యాన్నం రెండో తూరి మజ్జిగ తాగినావు."

"తెలుసు. అర గ్లాసు."

ఇవ్వాలనిపించింది. కొట్టం తాళం చెవి నా మొలతాడుకే ఉంది. లేచి నాలుగడుగులు వేస్తే చాలు. నాకు ఆసుపత్రి మంచం కనబడింది, అరచేతిలో పెట్టిన ఆ మెత్తటి వేరు కనబడింది. ఇప్పుడు ఇస్తే అది నా మనసుకే ఇచ్చుకున్నట్టని నాకు నేనే చెప్పుకున్నాను.

"పొద్దున్నే ఇస్తా అలివేలూ. కోడి కూసేదానికి ముందే ఇస్తా."

ఆమె చెట్టు వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది.

"బాగా నేర్చుకున్నావు," అంది.

నవ్వుతూనే అంది. అందులో ఎగతాళి ఉందేమోనని ఇన్నేళ్ళుగా వెదుకుతూనే ఉన్నాను, దొరకలేదు. గుడ్డ తడిపి పెదవులకు అద్దాను. ఆ గుడ్డ కొసను కాస్త చప్పరించి, కళ్ళు మూసుకుంది.

తెల్లవారి, మాటిచ్చినట్టే, కోడి కూయకముందే చెంబు గీతదాకా నింపుకుని వెళ్ళి పిలిచాను. ఇంకోసారి పిలిచాను. చెంబు రాయి మీద పెట్టి, భువనను లేపాను.

రెండు పూలు విచ్చాయట. నేను చూసుకోలేదు. మధ్యాహ్నం నాగేశప్ప చెప్పాడు.

కల్లావి నుంచి అక్క వచ్చింది. నేను అన్న మాటలన్నీ మరిచిపోయినట్టు వచ్చి, అలివేలు కాళ్ళ దగ్గర కూలబడింది. సాగనంపే ముందు నోట్లో నీళ్ళు పోసే ఆచారం. బంధువులంతా వరసగా వచ్చి, తులసాకు వేసిన నీళ్ళు తలా ఒక గుక్క పోశారు. ఎవరూ కొలవలేదు. పెదవుల పక్కనుంచి కారి మెడ కిందికి పోతున్నా పోస్తూనే ఉన్నారు. నా వంతు వచ్చింది. నేను చెంబు వంచి, నాలుగు చుక్కలు పోసి, ఆపేశాను. ఎందుకాపానో నాకే తెలియలేదు. చెయ్యి దానంతటదే ఆగిపోయింది. ఎదురుగా అక్క చూసింది. నా మణికట్టు పట్టుకుని, "ఇంగ పొయ్యిరా గోపాలా," అంది. నేను పొయ్యలేకపోయాను.

మరుసటి రోజు ఎస్టీడీ బూత్‌కు పోయి హోసూరు డాక్టరుకు నేనే ఫోన్ చేశాను. పోయేదానికి ముందు సాయంత్రం అర గ్లాసు అడిగిందని, నేను ఇవ్వలేదని చెప్పాను.

"అర గ్లాసుతో ఏమీ అయ్యేది కాదప్పా," అన్నాడు. "ఇచ్చినా పోయేదే, ఇవ్వకున్నా పోయేదే. గుండె అంతే నిలిచింది. మీరు బాధపడొద్దు."

ధైర్యం చెప్పాలనే అన్నాడు పాపం. ఫోను పెట్టి బూత్‌లోనే చాలాసేపు నిలబడ్డాను. ఇచ్చినా ఏమీ అయ్యేది కాదు. ఆ ఒక్క మాట నాకు చాలు, మిగతా బతుకంతా.

మా ఇళ్ళల్లో మనిషిని సొంత పొలంలోనే పూడ్చిపెడతాం. ఎండిన టమోటా చేను గట్టున అలివేలును పెట్టాం. నాగేశప్ప వాకిట్లో రాళ్ళన్నీ తెచ్చి మట్టి దిబ్బ చుట్టూ పేర్చాడు. మూడోనాడు సమాధి మీద పాలు పోసేదానికి పోయేముందు, భువన ఊటీ చెట్టును కింద జల్లితో సహా జాగ్రత్తగా తవ్వి, తట్టలో పెట్టుకుని మోసుకొచ్చింది. తలవైపు రాళ్ళ సందులో నాటింది. అప్పటికి ఏడు పూలు విచ్చి ఉన్నాయి. దగ్గరికి వంగితే నిజంగానే లవంగాల వాసన. నాకు బీడీ వాసన ఒకటే తెలుసన్న మాట గుర్తొచ్చి, మొట్టమొదటిసారి గట్టిగా ఏడ్చాను.

బంధువులు పాలు పోశారు. లేత కొబ్బరికాయల ఎళనీరు కొట్టి పోశారు. తలా ఒక చెంబు నీళ్ళు పోశారు. మా అక్క పెద్ద గ్లాసుతో మజ్జిగ తెచ్చి పోసింది. ఇసుక తడిసి, జల్లి మునిగి, చెట్టు మొదట్లో తెల్లటి మడుగు కట్టింది. భువన నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"నాయనా, వాళ్ళకు చెప్పు. పక్కకు పొయ్యమను. చెట్టు కుళ్ళిపోతాది."

నిజమే. దాని కొలత నాకన్నా బాగా తెలిసినవాళ్ళు అక్కడ ఎవరూ లేరు. ఇట్లా పోస్తే ఎనిమిది రోజులకు మించి బతకదు.

"పొయ్యనీలే," అన్నాను.

అందరూ అయ్యాక నేను లేచాను. గట్టున దించిన ట్యాంకరు నీళ్ళ డ్రమ్ములో కంచు చెంబు ముంచాను. గీత వచ్చింది, గీత మునిగింది, మెడ మునిగింది. అంచుదాకా నిండి పొర్లింది. తీసుకొచ్చి తలవైపు నిలబడి, ఒక్క చుక్క కూడా మిగల్చకుండా మొత్తం పోశాను.

భువన నా చెయ్యి పట్టుకుంది. "చాలు నాయనా."

చెంబు దాని చేతికిచ్చాను.

"ఇంకో చెంబు తే," అన్నాను.